చిన్న జూమ్ స్కోప్‌తో గురి కుదరడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పర్లాకిమిడిలో మా మేడ మీద పది మీటర్లు కొలిచి గీత గీసుకున్నాం. ఆదివారం పొద్దున్నే నలుగురైదుగురు పిల్లలు ఎయిర్ రైఫిళ్లతో వస్తారు, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి కూడా ఇద్దరు వస్తారు. ఈ మధ్య అందరికీ 1-4, 1-6 జూమ్ స్కోపుల మీద (బొమ్మను ఒకటి నుంచి నాలుగు లేదా ఆరు రెట్ల దాకా పెంచి చూపేవి) మోజు. పొట్టిగా, తేలికగా ఉంటాయి, రెండు కళ్లూ తెరిచి గురి చూడొచ్చు. కానీ ఇవి ఎక్కువగా వంద మీటర్ల లెక్కలో, మందుగుండు రైఫిళ్ల కోసం తయారైనవి. పది మీటర్ల దగ్గర, స్ప్రింగ్ రైఫిల్ మీద పెడితే వచ్చే ఇబ్బందులు వేరు. వాటిలో చాలావాటికి కారణం స్కోప్ కాదు, దాన్ని బిగించిన తీరు.

ఒక మాట ముందే చెప్పాలి. 4.5 మి.మీ. బోరు, పెల్లెట్ శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన పిట్టలను కొట్టొచ్చని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఇక్కడ రాసేదంతా కాగితం టార్గెట్ గురించే. కింద చెప్పిన ఏ పరీక్ష చేయబోయినా ముందు రైఫిల్‌లో పెల్లెట్ లేదని, స్ప్రింగ్ లాగి లేదని మీ కళ్లతో చూసుకోండి.

సమస్య: నిన్న కుదిరిన గురి ఈరోజు లేదు

ఇంటర్ చదివే ఒక కుర్రాడు మూడు వారాలు ఇదే బాధ పడ్డాడు. "నిన్న సరిగ్గానే తగిలినాయి మావయ్యా, ఇయాల ఏటయిపోనాదో తెలీదు. నా చెయ్యే బాగోలేదు" అని మొహం వేలాడేసుకున్నాడు. చెయ్యి బాగానే ఉంది, ఐదు పెల్లెట్లూ రూపాయి బిళ్లంత చోటులోనే పడుతున్నాయి. ఆ చోటే రోజురోజుకీ జరుగుతోంది. స్కోప్ విప్పి చూస్తే రైలు (రైఫిల్ పైన స్కోప్ బిగించే పట్టీ) మీద, స్కోప్‌ను పట్టుకునే వెనక రింగు వెనక్కి జారిన చోట రెండు మిల్లీమీటర్ల మేర నల్ల రంగు గీసుకుపోయి ఇనుము మెరుస్తోంది.

కారణం స్ప్రింగ్ రైఫిల్ కుదుపు. మందుగుండు రైఫిల్ ఒక్కసారే వెనక్కి తంతుంది. స్ప్రింగ్ రైఫిల్ మొదట వెనక్కి తన్ని, లోపలి పిస్టన్ ఆగగానే ముందుకు ఎగురుతుంది. రైఫిల్ ముందుకు దూకితే స్కోప్ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అంటే రైలు మీద వెనక్కి జారుతుంది. పైగా ఎయిర్ రైఫిళ్ల మీద ఉండేది సాధారణంగా 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి. ఈ స్కోపులతో వచ్చే 30 మి.మీ. రింగులు చాలావరకు వెడల్పు పికటిని రైలుకు సరిపోయేవి. మధ్యలో అడాప్టర్ పెడితే జారడానికి రెండు చోట్లు తయారవుతాయి.

పరిష్కారం: డవ్‌టెయిల్‌కే చేసిన రింగులు కొనండి, వీలైతే రెండూ కలిసిన ఒకే ముక్క మౌంట్. అందులో స్టాప్ పిన్ ఉండాలి, అది రైఫిల్ మీద ఉన్న గుంటలోకి దిగాలి. రైలునీ రింగుల లోపలి వైపునీ స్పిరిట్‌తో తుడిచి నూనె పోగొట్టండి. రింగుల పై స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, సుమారు 2 న్యూటన్ మీటర్లు చాలు. అలెన్ కీ పొట్టి చివర పట్టుకొని రెండు వేళ్లతో తిప్పినంత అన్నమాట. బలమంతా పెడితే ట్యూబ్ నొక్కుకుపోతుంది. చివరగా రింగు అంచున రైలు మీద సన్నగా పెన్సిల్ గీత గీయండి. ప్రతి యాభై పెల్లెట్లకోసారి ఆ గీత చూస్తే అనుమానమే ఉండదు.

ఇదంతా చేశాక కూడా గ్రూప్ (వరసగా కొట్టిన పెల్లెట్లు పడే చోటు) చెదిరిపోతూ ఉంటే అప్పుడు స్కోప్‌ను అనుమానించండి. ముందుకు ఎగిరే ఆ కుదుపుకి తట్టుకునేలా తయారు కాని స్కోపుల్లో అద్దాలు వదులవుతాయి. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపితే కొన్నిసార్లు టిక్ టిక్ వినిపిస్తుంది. కొనేటప్పుడే "స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మీద వారంటీ వర్తిస్తుందా?" అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

సమస్య: రైఫిల్ కదలదు, తల కదిపితే గురి గీత కదులుతుంది

నా దృష్టిలో ఈ స్కోపులను పది మీటర్ల దగ్గర తూచాల్సింది ఇక్కడే. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, తాకకుండా, కంటిని మాత్రం ఎడమకీ కుడికీ జరపండి. గురి గీత టార్గెట్ మీద నడుస్తూ కనిపిస్తే అదే పారలాక్స్.

చాలా చిన్న జూమ్ స్కోపుల్లో పారలాక్స్‌ను వంద గజాల దగ్గర ఖాయం చేసి పెడతారు, మార్చడానికి తిప్పే బిళ్ల ఉండదు. వంద గజాలంటే 91 మీటర్లు. మనం కొట్టేది 10 మీటర్ల దగ్గర. ముందు అద్దం 24 మి.మీ. అయితే, కన్ను పూర్తిగా అంచుకు పోయినప్పుడు గురి సుమారు 10.7 మి.మీ. పక్కకు పోవచ్చు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో ఒక్కో రింగు 2.5 మి.మీ. దూరంలో ఉంటుంది. అంటే చెంప సరిగ్గా ఆనకపోతేనే నాలుగు రింగులు పోయినట్టు! పిల్లలు దీన్ని చూసే తమ చెయ్యి వణుకుతోందనుకుంటారు.

ఖర్చు లేని పరిష్కారం ఒకటుంది. నల్ల అట్టను ముందు అద్దం సైజుకు గుండ్రంగా కత్తిరించి, సరిగ్గా మధ్యలో 10 మి.మీ. బెజ్జం చేసి అద్దం ముందు అమర్చండి. గరిష్ఠ తప్పు నాలుగున్నర మిల్లీమీటర్ల లోపుకి వస్తుంది, దగ్గర్లో మసకగా ఉండే బొమ్మ కూడా తేటపడుతుంది. వెలుతురు తగ్గుతుంది కానీ పగటిపూట ఇబ్బంది లేదు. రెండో పని చెంప అలవాటు: కళ్లు మూసుకొని రైఫిల్ ఎత్తి చెంప ఆనించి, తర్వాత కళ్లు తెరవండి. గుండ్రటి బొమ్మ నిండుగా కనిపించకపోతే స్కోప్‌ను ముందుకో వెనక్కో జరపాలి, మెడను కాదు.

పది మీటర్లే మీ లోకమైతే 10 గజాల దాకా ఫోకస్ దిగే ఎయిర్ రైఫిల్ స్కోప్ కొనమనే చెబుతాను. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పది మీటర్ల పోటీలో ఏ స్కోప్‌నీ అనుమతించరు. అటు వెళ్లాలనుకునే పిల్లలకు ఆ డబ్బు పీప్ సైట్ (అద్దాలు లేకుండా చిన్న బెజ్జంలోంచి గురి చూసేది) మీద పెట్టండి.

సమస్య: క్లిక్కులు తిప్పినా కదలదు, రెండు షాట్ల తర్వాత ఒక్కసారిగా దూకుతుంది

బ్యారెల్ విరిచి లోడ్ చేసే రైఫిళ్లలో బ్యారెల్ కాస్త కిందికి వాలి ఉండటం మామూలే. దాన్ని సరిచేయడానికి పై టరెట్‌ను (గురిని పైకీ కిందికీ జరిపే, క్లిక్కుమంటూ తిరిగే మరను) "అప్" వైపు చివరిదాకా తిప్పేస్తాం. అక్కడ లోపలి ట్యూబ్‌ను నొక్కి పట్టుకునే స్ప్రింగ్ దాదాపు వదులైపోతుంది. ఇక ప్రతి కుదుపుకీ ట్యూబ్ ఒక్కోచోట కూర్చుంటుంది.

టరెట్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పి క్లిక్కులు లెక్కపెట్టండి, సగానికి తెచ్చి ఆపండి. ఇప్పుడు పెల్లెట్లు బాగా కిందపడుతుంటే వెనక రింగులో, ట్యూబ్ కింద, కూల్‌డ్రింక్ డబ్బా నుంచి కత్తిరించిన సన్నటి రేకు ముక్క పెట్టండి. ఒకటీ రెండూ చాలు, అంతకుమించితే ట్యూబ్ వంగుతుంది. అప్పటికీ చాలకపోతే వాలు మౌంట్ కొనాలి.

తర్వాత బాక్స్ పరీక్ష, అంటే గ్రూపులతో చదరం గీయడం. గురి ఒకే చుక్క మీద ఉంచి ఒక గ్రూప్ కొట్టండి. 40 క్లిక్కులు కుడికి, 40 పైకి, 40 ఎడమకి, 40 కిందికి తిప్పుతూ ఒక్కోచోట గ్రూప్ కొట్టండి. పావు ఎమ్ఓఏ (ఎమ్ఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) క్లిక్ అయితే పది మీటర్ల దగ్గర ఒక్కో భుజం 29 మి.మీ. రావాలి, చివరి గ్రూప్ మొదటిదాని మీదే పడాలి. భుజాలు కాస్త చిన్నవైనా నాకు పట్టింపు లేదు. మొదటిచోటికి తిరిగి రాని స్కోప్‌ను మాత్రం వాపసు ఇచ్చేయండి.

మిగతావి, త్వరగా

జూమ్ రింగ్ తిప్పితే గురి జరుగుతోందా? కదలకుండా బిగించి, ఒక చుక్క మీద పెట్టి 1 నుంచి 4 దాకా తిప్పుతూ చూడండి. జరిగితే అది స్కోప్ లోపమే, ఇంట్లో బాగుకాదు.

1 రెట్టు దగ్గర రెండు కళ్లూ తెరిస్తే తల తిరుగుతోందా? ముందు పెద్ద జూమ్‌లో తెల్లగోడ వైపు పెట్టి, రెండు సెకన్లు చూసి కళ్లు తిప్పేస్తూ, గీతలు చూడగానే నల్లగా కనిపించేదాకా కంటివైపు ఫోకస్ రింగ్ తిప్పండి. ఎండ వైపు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

వెలిగే ఎర్రచుక్క నక్షత్రంలా చిట్లినట్టుందా? ఫోన్ కెమెరాతో చూడండి. అందులో గుండ్రంగా ఉంటే తేడా మీ కంటిలో ఉంది, కళ్ల డాక్టర్‌కు చూపించుకోండి.

వానాకాలం ఇక్కడ గాలంతా తడి. ఏసీ గదిలోంచి మేడ మీదకు తేగానే బయట పట్టే ఆవిరి పది నిమిషాల్లో పోతుంది, తుడవక్కర్లేదు. లోపలి అద్దం మీద పడితే సీలు పోయినట్టే, మీరు విప్పొద్దు. గుడ్డ సంచిలో చుట్టి బీరువాలో పెడితే అద్దాలకు బూజు పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, గింజల రంగు మారితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడండి.