టెక్సస్‌లోని ఇంటిని గడ్డకట్టే చలికి సిద్ధం చేసుకోవడం

డాలస్, ఆస్టిన్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికి ఎండ కొత్త కాదు గానీ, గడ్డకట్టే చలి ఏడాదికి కొద్ది రోజులే వచ్చినా ఇల్లు గుల్ల చేసిపోగలదు. 2021 ఫిబ్రవరిలో రోజుల తరబడి కరెంటు లేక, పైపులు పగిలి, పైకప్పుల నుంచి నీళ్లు కారిన ఇళ్లు ఎన్నో. ఇక్కడ చాలా ఇళ్లలో నీటి పైపులు అటకలోనూ బయటి గోడల్లోనూ ఉంటాయి కాబట్టి, ఉష్ణోగ్రత 20 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 7 సెల్సియస్‌కు పడిపోతుందన్న సూచన వస్తే ఉపేక్షించకూడదు.

అన్నిటికంటే ముందు, ఇంటికి నీళ్లు వచ్చే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చూసిపెట్టుకోవాలి. తరచుగా అది వీధి పక్క పచ్చికలో, నేలలో పాతిన మీటరు పెట్టె దగ్గర ఉంటుంది. మూత తీస్తే పైన మట్టి, ఎండుటాకులు, వాటి అడుగున బిగుసుకుపోయిన వాల్వ్ కనిపిస్తాయి. మీటరుకు ఇంటి వైపున ఉన్నదే మనది. దాన్ని ఎండగా ఉన్న రోజునే ఒకసారి తిప్పి చూడాలి.

తోట గొట్టాన్ని కుళాయి నుంచి ఊడదీసి, కుళాయికి ఫోమ్ తొడుగు వేయాలి.

నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. మంచుగడ్డకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటి ఒత్తిడే ఎక్కువగా పైపును చీలుస్తుంది. అందుకే బయటి గోడల వైపున్న కుళాయిలను, వేడినీళ్లవీ చన్నీళ్లవీ రెండూ, సన్నటి ధారగా వదిలి, సింకు కింది అల్మారా తలుపులు తెరిచి ఉంచాలి. డిసెంబరులో ఇండియాకు వెళ్లేవారు హీటరును 55 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకుండా ఉంచి, మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలు తెరిచి పైపుల్లో మిగిలిన నీటిని వదిలేయడం మేలు.

కరెంటు పోయినప్పుడు బొగ్గుల గ్రిల్లును ఇంట్లోకి తేవడం, గ్యారేజీలో కారు ఆన్ చేసి వెచ్చదనం కోసం కూర్చోవడం ప్రాణాంతకం. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు; 2021లో ఇలాగే కొందరు చనిపోయారు. జనరేటరును ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట పెట్టాలి. ఈ వాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారంలో బ్యాటరీ ఇవాళే మార్చండి, దయచేసి వాయిదా వేయకండి.

పగిలిన పైపు చలిలో బయటపడదు, మంచు కరిగినప్పుడే కారుతుంది. కాబట్టి ఎండ వచ్చిన రోజున వీలైతే ఇంట్లోనే ఉండి, గదిగదికీ వెళ్లి సీలింగు మీద తడి మరక ఏదైనా ఉందేమో చూడండి. కనిపిస్తే ప్లంబరుకు ఫోన్ చేయడానికి ముందే మెయిన్ వాల్వ్ కట్టేయండి.