ఇటలీ మఠాల దారిలో సొంత డ్రైవింగ్: బండి కదిలించే ముందు

పోయిన నెలలో మా దూరపు చుట్టాల కుటుంబం ఒకటి ఇటలీలో కారు ప్రమాదంలో ఆసుపత్రి పాలైంది. పట్టపగలు. వాన లేదు, మందు లేదు, వేగం కూడా లేదు. కొండ మీద ఒక మఠం చూసుకుని పార్కింగ్ నుంచి బయటికొచ్చి ఎడమకు తిరిగారు. ఇటలీలో బండి కుడి పక్కన నడపాలి. తిరిగినవాళ్లు మన దగ్గరలాగే ఎడమ పక్కనే పట్టుకుని పోయారు. కొంచెం దూరం పోగానే వంపులో ఎదురుగా వ్యాను. ప్రాణాలు దక్కాయి. ఇల్లాలికి భుజం ఎముక విరిగింది, పెద్దాయనకు పక్కటెముకలు దెబ్బతిన్నాయి. అది వాళ్లు కారు తీసుకున్న ఐదో రోజు. మొదటి రోజు కాదు.

ఈ సంవత్సరం అటు వెళ్లేవాళ్లు ఎక్కువ. క్రైస్తవ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ కన్నుమూసింది 1226 అక్టోబరు 3న. 2026తో 800 ఏళ్లు నిండుతున్నాయి. రోమ్ చూసి, అక్కణ్నుంచి కారు తీసుకుని అస్సీసీ, ఓర్వియేతో, మోంతే కాస్సినో చుట్టి వద్దామని మన వాళ్లు చాలామంది అడుగుతున్నారు. వెళ్లండి. రైలు దిగి బస్సు కోసం చూస్తూ కూర్చుంటే దొరకని చోట్లు కారుంటేనే దొరుకుతాయి. వీసా, పాస్‌పోర్టు, బీమా కాగితాల సంగతి మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్కటే, మళ్లీ మళ్లీ చెబుతాను.

అసలు ప్రమాదం ఎక్కడుంది

అందరూ భయపడేది రోమ్ ట్రాఫిక్‌కి. అక్కడ తప్పు పక్కకు పోవడం దాదాపు అసాధ్యం. ముందు బండి, వెనక బండి, పక్కన బండి, అవే మిమ్మల్ని దారిలో పెడతాయి. మొదటి రెండు రోజులు ఒళ్లు దగ్గర పెట్టుకునే నడుపుతారు. ఆ తర్వాత చేయి అలవాటు పడిందనుకుంటారు. అలవాటు పడేది చేయి మాత్రమే. ఇరవై ఏళ్లు ఎడమ పక్కన నడిపిన బుర్ర అదను కోసం చూస్తూనే ఉంటుంది. దానికి కావలసింది ఖాళీ రోడ్డు, పరధ్యానంలో ఉన్న మనిషి. మఠాల దగ్గర ఆ రెండూ దొరుకుతాయి.

మోంతే కాస్సినో సంగతే తీసుకోండి. 529 ప్రాంతంలో బెనెడిక్ట్ అనే సన్యాసి నెలకొల్పిన మఠం, రెండో ప్రపంచ యుద్ధంలో 1944 ఫిబ్రవరి 15న బాంబులకు నేలమట్టమై, మళ్లీ రాయి రాయీ పేర్చి కట్టింది. ఆ కొండ కోసం జరిగిన పోరులో నాలుగో ఇండియన్ డివిజన్ సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొండ కింద కాస్సినో యుద్ధ శ్మశానంలో మన వాళ్ల సమాధులున్నాయి. ఆ రాళ్ల మీద పేర్లు చదువుతూ వరసల మధ్య నడిచి వస్తే మనసు మామూలుగా ఉండదు. గొంతు పట్టేసి, ఎవరితోనూ మాట్లాడాలనిపించక కారెక్కుతాం. తాళం తిప్పుతాం. ఆ క్షణమే ప్రమాదం.

అస్సీసీలో ఫ్రాన్సిస్ పేరు మీదున్న పెద్ద చర్చి, సాన్ ఫ్రాన్సెస్కో బసిలికా, కింది గుడి చీకటిగా, చల్లగా ఉంటుంది. కప్పు నిండా ఉన్న బొమ్మలు కంటికి ఆనడానికే కాసేపు పడుతుంది. అక్కడ గంటసేపు తలెత్తి చూసి ఒక్కసారిగా ఎండలోకి వస్తే కళ్లు చెదురుతాయి, మెడ లాగుతుంది, ఆలోచన ఇంకా లోపలే ఉంటుంది. మోంతాల్చీనో దగ్గర సాంత్ ఆంతిమో మఠం ఆలివ్ తోటల నడుమ ఒంటరిగా ఉంటుంది. బయటికొచ్చే దారిలో మీ వెనకా ముందూ ఎవరూ ఉండకపోవచ్చు. చూసి అనుసరించడానికి ఇంకో బండి ఉండదు.

అందుకే చెబుతున్నాను. ఆగిన ప్రతిచోటా, మళ్లీ బయలుదేరే మొదటి నిమిషం. అదే మనుషుల్ని ముంచుతోంది.

దీనికి నేను నమ్మే ఉపాయం నోటితో చేసేది. తాళం తిప్పే ముందు డ్రైవర్ పైకి అనాలి: "రోడ్డు నడుమ నా పక్కన, గట్టు నీ పక్కన." పక్క సీట్లో వాళ్లు వినబడేలా "అవును, గట్టు నా పక్కన" అనాలి. అక్కడి కారులో స్టీరింగ్ ఎడమన ఉంటుంది కాబట్టి, సరైన పక్కన పోతున్నంతసేపూ డ్రైవర్ రోడ్డు నడిమికి దగ్గరగానే ఉంటాడు. మధ్య గీత లేని సన్న రోడ్లలో కూడా ఈ మాట పనికొస్తుంది. "కుడి, కుడి" అని జపించడం కన్నా ఇది నయం, ఎందుకంటే కంగారులో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎవరి పక్కన ఏముందో మాత్రం కంటికి కనబడుతుంది.

ఎడమ మలుపు దగ్గర రెండోసారి అనండి. మన దగ్గర ఎడమ మలుపు చిన్నది, అంచు పట్టుకుని తిరిగిపోతాం. అక్కడ ఎడమ మలుపే పెద్దది, ఎదురు వరస దాటి అవతలి వరసలో చేరాలి. మా చుట్టాలు తిరిగింది చిన్న మలుపు.

ఇంకొకటి. సన్న రోడ్డులో ఎదురుగా హఠాత్తుగా బండి కనబడితే చేతులు వాటంతట అవే ఎడమకు లాగుతాయి. అలా లాగితే నేరుగా ఎదురు బండి కిందికే. బ్రేకు, కుడి. ఖాళీ రోడ్డులో బండి నిలిపి, దీన్ని చేతులతో నాలుగుసార్లు ఉత్తుత్తిగా చేసి చూసుకోండి.

కారు తీసుకునే రోజు

విమానం దిగిన రోజు కారు తీసుకోవద్దు. రాత్రంతా కూర్చుని వచ్చిన మనిషి బుర్ర, నేను పైన చెప్పిన పాత అలవాటుకి ఇట్టే లొంగిపోతుంది. రోమ్‌లో ఉన్నన్నాళ్లూ కారుతో పనే లేదు. ఊరు వదిలే రోజు పొద్దున తీసుకోండి.

ఆటోమేటిక్ గేరు బండి ముందే బుక్ చేసుకోండి, ఖర్చు ఎక్కువైనా సరే. కుడిచేత్తో గేరు వేయడం నేర్చుకునే చోటు కొండ మలుపు కాదు. ఇండికేటర్ ఎడమ చేతి కింద ఉంటుంది, మొదట్లో దాని బదులు వైపర్లు ఆడతాయి, కంగారు పడొద్దు. ఎడమన కూర్చున్నప్పుడు బండి కుడి అంచు ఎక్కడుందో తెలియక గట్టుకు మరీ దగ్గరగా పోతారు. కుడి అద్దం, కుడి చక్రాలు గీసుకుపోయేది అందుకే.

మన ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌తో పాటు అసలు లైసెన్సు కూడా దగ్గరుండాలి. నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు.

పాత ఊళ్లలోకి కారు

తెల్లటి పలక మీద ఎర్రటి వలయం, జెడ్‌టీఎల్ (బండ్లకు పరిమితి ఉన్న ప్రాంతం) అని ఉందంటే ఊరి నడిబొడ్డుకి అనుమతి లేని బండ్లు పోకూడదు. అడ్డుకట్ట ఉండదు, పోలీసు ఉండడు. కెమెరా ఉంటుంది. 'వార్కో అత్తీవో' అని వెలుగుతుంటే ఆ కెమెరా పని చేస్తున్నట్టు. జరిమానాలు నెలల తర్వాత ఇంటికొస్తాయి. అద్దె కంపెనీ తన రుసుము విడిగా కార్డు మీద లాగుతుంది. గూగుల్ మ్యాప్స్ చెప్పింది కదా అని పోవద్దు. మీ హోటల్ లోపలుంటే కారు నంబరు ముందే పంపి నమోదు చేయించమని అడగండి. ఓర్వియేతోలో కింద పార్కింగ్‌లో పెట్టి ఎస్కలేటర్ మీద పైకి పోవచ్చు. అస్సీసీలో గోడల బయట పెట్టి నడవండి.

ఇక మిగిలినవి వరసగా:

చిన్న ఊళ్లలో చాలా గుళ్లు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి మూసి మూడు దాటాక తెరుస్తారు. మూసేలోపు చేరాలని తరమొద్దు. అందకపోతే భోంచేసి వెళ్లండి. భోజనంలో వైను తీసుకున్నవాళ్లు ఆ రోజుకి స్టీరింగ్ ముట్టొద్దు. చట్టం లీటరు రక్తానికి 0.5 గ్రాముల వరకు ఒప్పుకుంటుందని లెక్కలు కట్టొద్దు.

రౌండెబౌట్‌లో గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరగాలి. దూరేముందు ఎడమకు చూడండి. నడిచి రోడ్డు దాటేటప్పుడు కూడా ముందు ఎడమకే.

ఆటోస్ట్రాడా అనే పెద్ద హైవేలో వేగం ఎండలో గంటకు 130 కిలోమీటర్లు, వానలో 110 దాటొద్దు. టోల్ గేటు దగ్గర పసుపు రంగు టెలిపాస్ వరసలోకి దూరొద్దు, అది టోల్ దానంతటదే కట్టే పరికరం ఉన్న బండ్లకు. ఎగ్జిట్ తప్పిపోతే పోనివ్వండి, తర్వాతి దానికి పోండి. వెనక్కి తీయొద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు.

గాసోలియో అంటే డీజిల్. పెట్రోలు బండిలో పోయొద్దు.

పార్కింగ్‌లో తెల్ల గీతలు ఉచితం, నీలం డబ్బు కట్టాలి, పసుపు మీది కాదు. మఠాల పార్కింగ్‌లో కారులో సంచి కనబడేలా వదలొద్దు. పాస్‌పోర్టులు అసలే వదలొద్దు.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు పై సంచిలో పెట్టుకోండి. గుడి తలుపు దగ్గర వెనక్కి పంపితే, ఆ చిరాకుతోనే డ్రైవింగ్ సీట్లో కూర్చుంటారు.

లా వేర్నా లాంటి అడవి మఠాలకి పొద్దుండగానే వెళ్లి పొద్దుండగానే దిగండి. వెయ్యి మీటర్ల పైన పొగమంచు పడితే గీతే కనబడదు. సాయంత్రం ప్రార్థన వినాలనుంటే ఆ రాత్రి అక్కడే దగ్గర్లో పడుకోండి. విని, చీకట్లో దిగొద్దు. అడవి పందులు అడ్డం వస్తాయి.

నవంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా చాలా రోడ్లలో మంచు టైర్లో గొలుసులో ఉండి తీరాలి. ముందే అడగండి.

మీటరున్నర ఎత్తు లేని పిల్లలకి తగిన సీటు ఉండాల్సిందే. ఒళ్లో కూర్చోబెట్టొద్దు.

బండి ఆగిపోతే ముందు మెరిసే జాకెట్, తర్వాతే దిగడం. త్రికోణం కనీసం 50 మీటర్ల వెనక. ఫోన్ 112.

ఫోటో కోసం వంపులో ఆపొద్దు. ఫోన్ చేతిలో పట్టుకోవద్దు. డ్రైవర్‌ని మార్చితే, కొత్తగా కూర్చున్న మనిషికి అదే మొదటి రోజు, మొదటి నిమిషం.

కాఫీ తాగి వచ్చినా, పెట్రోలు పోయించుకుని వచ్చినా, ఐదో రోజైనా, పదో రోజైనా, వెనక సీట్లో అందరూ నిద్రపోతున్నా సరే, పైకి అనండి: రోడ్డు నడుమ నా పక్కన, గట్టు నీ పక్కన. జవాబు వచ్చేదాకా బండి కదలొద్దు. పక్క సీట్లో ఎవరూ లేకపోతే మీకు మీరే అనుకోండి, గట్టిగా.