తుఫాను ముందు మొక్కల అక్వేరియం: ఎరువు ఎప్పుడు ఆపాలి, మళ్లీ ఎప్పుడు వేయాలి

అక్టోబరు వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లాలో అందరి చూపూ బంగాళాఖాతం వైపే ఉంటుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఈ నెలలోనే వచ్చాయి. ఇంట్లో మొక్కల అక్వేరియం ఉన్నవాళ్లు కొవ్వొత్తులు, మంచినీళ్లు సర్దుకునేటప్పుడే ఎరువు డోసు సంగతి కూడా చూసుకోవాలి.

తిత్లీ ముందు రోజు సాయంత్రం పలాసలో నేను పెద్ద తప్పు చేశాను. రేపటి నుంచి కుదరదేమోనని మూడు రోజుల ఎరువు ఒకేసారి పోసేశాను. తెల్లవారేలోపే కరెంటు పోయింది. మా వీధికి మళ్లీ రావడానికి వారం దాటింది. అప్పటికే రెండు చేపలు చచ్చిపోయాయి, వాలిస్నేరియా అనే నీటి మొక్క ఆకులు కుళ్లిపోయాయి. లైటు వెలిగిన నాలుగు రోజులకు అద్దాల నిండా పచ్చటి నాచు పట్టింది.

వాన కబురుంటే పొలంలో యూరియా చల్లొద్దని మా నాన్న అనేవాడు. పొలంలో అయితే అది కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికీ పోదు, అదే ఇబ్బంది. వెలుతురు లేనప్పుడు మొక్క ఎదగదు, ఎరువు చాలావరకు నీళ్లలోనే మిగులుతుంది. లైటు వచ్చాక నీరసించిన మొక్క తేరుకునేలోపు నాచు దాన్ని వాడేసుకుంటుంది.

అందుకే మామూలు రోజుల్లోనూ ఎరువు ఉదయం, లైటు వేయబోయే ముందే వేయాలి. నైట్రేటు, ఫాస్ఫేటు, పొటాష్ ఒకరోజు, ఇనుము ఉన్న సూక్ష్మపోషకాలు మర్నాడు. రెండూ ఒకేసారి వేస్తే ఇనుము ఫాస్ఫేటుతో కలిసి అడుగుకు దిగిపోతుంది, మొక్కకు అందదు.

వాతావరణ శాఖ మన తీరానికి హెచ్చరిక ఇచ్చిన రోజే డోసు ఆపేయండి. కరెంటు ఉండగానే మూడో వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లలో ఎరువు కలపొద్దు. పసుపెక్కిన ఆకులు కత్తిరించి తీసేయండి. అవి కుళ్లితే చేపలకు అందాల్సిన ఆక్సిజన్ తగ్గిపోతుంది. చీకట్లో మొక్కలు కూడా ఆక్సిజనే పీలుస్తాయి కాబట్టి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తప్పనిసరి. మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే సీఓటూ సిలిండర్ ఉంటే దాని వాల్వు కట్టేయండి. ఇసుకలో గుచ్చే ఎరువు బిళ్లలు ఆ వారం ముట్టుకోవద్దు. మోటారు ఆడదు కనుక రెండు డ్రమ్ముల నీళ్లు పట్టి ఉంచండి. చేపలకు రెండు మూడు రోజులు మేత వేయకపోయినా ఏమీ కాదు.

ఎరువుల కొట్టులో దొరికే 13-0-45, అంటే పొటాషియం నైట్రేటు, నేనూ వాడతాను. 100 లీటర్ల నీటికి 1 గ్రాము వేస్తే నైట్రేటు సుమారు 6 పీపీఎం (లీటరుకు 6 మిల్లీగ్రాములు) పెరుగుతుంది. అదే కొట్టులో ఉండే యూరియా, డీఏపీ, 19-19-19 మాత్రం తొట్టిలో ఎప్పుడూ వేయొద్దు. వాటి నుంచి అమోనియా వస్తుంది. ఫిల్టర్ ఆగితే, అందులో ఉండి ఆ అమోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా కూడా ఆక్సిజన్ అందక చచ్చిపోతుంది, ఇక చేపలకు దిక్కుండదు.

కరెంటు రాగానే ఫిల్టర్ స్విచ్ వేసేయకండి. క్యానిస్టర్ ఫిల్టర్ (తొట్టి బయట ఉండే మూత డబ్బా ఫిల్టర్) అయితే లోపల మురిగిన నీళ్లు బయట పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండి అప్పుడు ఆన్ చేయండి. తుఫాను తర్వాత కుళాయి నీళ్లలో బ్లీచింగ్ ఎక్కువ కలుపుతారు, యాంటీ క్లోరిన్ చుక్కలు వేయకుండా ఆ నీళ్లు పోయొద్దు.

మొదటి మూడు నాలుగు రోజులు లైటు అయిదు గంటలు చాలు, ఎరువు వద్దు. పాత ఆకులు పసుపుగా ఉన్నాయని కంగారుపడొద్దు, అవి ఎలాగూ రాలిపోతాయి. చిగురు చూడండి. కొత్త ఆకు విచ్చుకున్న మర్నాటి ఉదయం సగం డోసుతో మొదలుపెట్టండి.