ఇత్తడికి ఒక నీళ్ళు, ఉక్కుకు వేరే నీళ్ళు

మా షూటింగ్ క్లబ్బులో తుపాకుల శుభ్రత నేను చూసుకుంటాను. కొత్తగా అల్ట్రాసోనిక్ క్లీనర్ (నీళ్ళ తొట్టిలో కంపనాలు పుట్టించి మురికి వదిలించే మిషన్) కొన్నవాళ్ళు అందరూ అడిగేది ఒకటే, "ఎన్ని నిమిషాలు పెట్టాలి?" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. అందులో వేస్తున్నది ఇత్తడా, ఉక్కా? ఖాళీ కేసులకు, అంటే తూటా పేలాక మిగిలే, మళ్ళీ మందు నింపి వాడుకునే ఇత్తడి గొట్టాలకు, మేలు చేసే ద్రావణం తుపాకీ భాగాలను పాడుచేస్తుంది.

తొట్టి అడుగున ఉండే ట్రాన్స్‌డ్యూసర్లు (కరెంటును కంపనంగా మార్చే బిళ్ళలు) సాధారణంగా సెకనుకు 40,000 సార్లు కంపిస్తాయి. ఆ కంపనాలకు నీళ్ళలో అతి చిన్న బుడగలు పుట్టి, వెంటనే లోపలికి కుప్పకూలిపోతాయి. ఆ తాకిడికే మసి ఊడివస్తుంది. బ్రష్ దూరని సందులోకి కూడా నీళ్ళు చేరితే చాలు. అందుకే కాల్చిన కేసుల్లోంచి పాత ప్రైమర్లు (కేసు అడుగున ఉండి మందును అంటించే చిన్న మూతలు) ముందే తీసేయండి. ప్రైమర్ గుంట శుభ్రపడుతుంది, తర్వాత నీళ్ళూ సులువుగా కారిపోతాయి. కాల్చని తూటాను, వాడని ప్రైమర్‌ను మాత్రం తొట్టి దగ్గరికే రానివ్వకండి. నేనైతే ప్రతి కేసులోకీ తొంగిచూసి మరీ వేస్తాను.

కేసుల ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింక్. లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక చిన్న చెంచా నిమ్మ ఉప్పు, రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు కలిపితే చాలు. ముందు ఐదు నిమిషాలు ఉత్త ద్రావణంతోనే మిషన్ నడపండి. నీళ్ళలో కరిగి ఉన్న గాలి బయటికి పోతే పని బాగా జరుగుతుంది. తర్వాత కేసులను జాలీ బుట్టలో పలచగా పరిచి దించండి. అడుగుకు నేరుగా తగలకూడదు, ఒకదానిమీద ఒకటి కుక్కకూడదు. 50 నుంచి 60 డిగ్రీల వేడిలో ఎనిమిది, పది నిమిషాలు పెట్టి చూడండి. నిమ్మ ఉప్పు ఎక్కువైనా, మరీ సేపు ఉంచినా ఇత్తడి గులాబి రంగుకు తిరుగుతుంది. అంటే పైపొరలోంచి జింక్ పోయి రాగి మిగిలిందన్నమాట.

అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఇత్తడికి అస్సలు వద్దు. బ్రిటిష్ కాలంలో మన దేశంలో, వర్షాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాల కేసులు ఎవరూ ముట్టుకోకుండానే చీలేవి. గుర్రాల మూత్రంనుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో తేలింది. కేసును సాగదీసి తయారు చేసినప్పుడు లోహంలో మిగిలిపోయే ఒత్తిడికి అమ్మోనియా తోడైతే పగుళ్ళు పుడతాయి.

కడిగిన కేసులు అద్దంలా మెరవాలని ఆశించకండి. ఈ మిషన్ మురికి తీస్తుంది, మెరుగు పెట్టదు. మెరుపు కావాలంటే టంబ్లర్, అంటే కేసులను రాపిడితో మెరుగుపెట్టే మిషన్, ఉండాలి. మెరుపు తక్కువైనంత మాత్రాన గురి ఏమీ మారదు. రెండుసార్లు మంచినీళ్ళలో, చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌లో జాడించి, మూతి కిందికి ఉండేలా ఎండలో పెట్టండి. పైకి పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉండొచ్చు, తొందరపడకండి. మంటమీద ఎండబెడితే ఇత్తడి మెత్తబడి, కేసు వాడకానికి ప్రమాదకరమవుతుంది. ఆరాక మూతి దగ్గర పగుళ్ళు ఉన్నాయేమో చూడండి. మసి పోయాకే అవి బయటపడతాయి.

ఇక ఉక్కు. నిమ్మ ఉప్పు నీళ్ళు బ్లూయింగ్‌ను (తుపాకీ ఉక్కు మీద ఉండే నీలి నలుపు రక్షణ పొరను) తినేస్తాయి, కాబట్టి బోల్ట్, ఎక్స్‌ట్రాక్టర్, ఫైరింగ్ పిన్ లాంటి వాటికి తుపాకీ భాగాల కోసమే అమ్మే ద్రావణం వాడండి. అల్యూమినియం భాగాలు ఉంటే దాని లేబుల్ తప్పక చదవండి. ఘాటైన క్షార ద్రావణాలు అల్యూమినియాన్ని కొరుకుతాయి. చెక్క, స్కోపు, రంగు వేసిన భాగాలు బయటే ఉంచాలి. పెట్రోలు, అసిటోన్ లాంటివి తొట్టిలో పోయనే పోయకండి, ఆవిరి అంటుకుంటుంది. చిన్న స్ప్రింగులకు గాజు బీకరు మంచిది. తొట్టిలో మామూలు నీళ్ళు పోసి, ద్రావణం, స్ప్రింగులు బీకరులో వేసి అందులో నిలబెట్టండి.

నేను చాలా గట్టిగా చెప్పేది దీని తర్వాతి అడుగు గురించే. బయటికి తీసిన ఉక్కు మీద నూనె జాడ కూడా ఉండదు. తేమ గాలి తగిలితే నిమిషాల్లో తుప్పు మొదలవుతుంది. అందుకే నూనె గిన్నె పక్కనే సిద్ధంగా ఉంచుకుని పని మొదలుపెట్టండి. జాడించి, నీళ్ళు తుడిచి, వెంటనే తేమను నెట్టేసే నూనెలో ముంచండి. అరగంట తర్వాత అదనపు నూనె తుడిచి, తిప్పి, కదిపి చూసి బిగించండి. ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ దారిలో మాత్రం నూనె నిలవనివ్వకండి. అక్కడ చేరిన జిడ్డు పిన్‌ను మందగింపజేస్తుంది.

ఆ మురికి నీళ్ళలో సీసం ఉంటుంది. ప్రైమర్ల మసి నుంచి వచ్చేది అదే. చేతికి గ్లౌజులు, గదిలో గాలి, పిల్లలు దూరం. వంటింటి సింకులో జాడించకండి, ఆ నీళ్ళను మొక్కలకూ పోయకండి. డబ్బాలో పోసి మూతపెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు ఇవ్వండి. కళ్ళజోళ్ళు, నగలు కడుక్కోవడానికి ఈ తొట్టిని మళ్ళీ వాడొద్దు.