సైఫన్ లాగడం లేదా? ముందు బకెట్టు ఎక్కడ పెట్టారో చూడండి

పాతపట్నంలో ఉండే మా తమ్ముడు పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. "అక్కా, చేపల తొట్టి సైఫన్ అస్సలు లాగట్లేదు, కొత్తది కొనేయనా?" అని. "ఆగరా, బకెట్టు దేనిమీద పెట్టావు?" అన్నాను. స్టూలు మీదట! వంగే పని లేకుండా ఎత్తుగా పెట్టుకున్నాడు. జబ్బంతా అక్కడే ఉంది.

సైఫన్ అంటే తొట్టి అడుగున రాళ్లలోని మడ్డిని నీళ్లతో పాటు బకెట్టులోకి దించే గొట్టం. రాళ్లలో గుచ్చేది వెడల్పు గొట్టం, దాని కొసే నోరు. దానికి అతికిన సన్న గొట్టం బకెట్టులోకి వెళ్తుంది. ఇందులో లాగేది గొట్టం కాదు, అవతలి కొస వైపు కిందికి దిగే నీళ్ల బరువు. తొట్టిలో నీటిమట్టానికీ, గొట్టం చివరికీ మధ్య ఎత్తు తేడా ఎంతో లాగుడు అంత. చివర బకెట్టు నీళ్లలో మునిగి ఉంటే, తేడా ఆ నీటిమట్టం వరకే లెక్క. అందుకే బకెట్టు నిండేకొద్దీ జోరు తగ్గుతుంది. దానికి కంగారు పడక్కర్లేదు.

పర్లాకిమిడిలో మా ఇంట్లో ఉన్నది రెండడుగుల తొట్టి, అడుగెత్తు బల్ల మీద. గొట్టం బకెట్టు అంచుకి తగిలిస్తే తేడా అడుగే, 15 లీటర్లు నిండడానికి రెండు నిమిషాలు పట్టేది. అదే గొట్టాన్ని గుమ్మం దాటించి, మెట్ల కింద పెరట్లో బకెట్టులో వదిలితే నిమిషంబావులో నిండుతోంది. అయితే అవసరానికి మించి పొడుగు గొట్టం వద్దు, లోపలి రాపిడికి జోరు చస్తుంది.

ఎత్తు సరిపోయినా లాగకపోతే గాలి చేరిందేమో చూడాలి. తొట్టి అంచు మీద గొట్టం వంగే చోట టార్చి వేయండి. ఆవగింజంత బుడగలు ఒక్కొక్కటే వచ్చి, కలిసి బఠాణీ గింజంతై, గొట్టం పైభాగానికి అతుక్కుని కనిపిస్తాయి. నీళ్లు వాటి కిందనుంచి సన్నగా పారుతుంటాయి. వెడల్పు గొట్టానికీ సన్న గొట్టానికీ మధ్య అతుకు వదులైతే, అది నీటికి పైన ఉన్నప్పుడు గాలి పీల్చేస్తుంది. ఆ అతుకును నీళ్లలో ముంచి చూడండి. బుడగలు రావడం ఆగిందా, దొంగ దొరికినట్టే. సన్న గొట్టం కొసను అరంగుళం కోసి, వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక లోపలికంటా తొడిగి, క్లిప్పు బిగించండి. నేను అలాగే చేశాను, మళ్లీ వదులవ్వలేదు.

అతుకు దగ్గరే గులకరాయో, నత్తగుల్లో, ఆకు ముక్కో ఇరుక్కోవడం మామూలే. గొట్టం లోపల పాకుడు పట్టినా అంతే. దారానికి గుడ్డపీలిక కట్టి ఇటునుంచి అటు లాగేయండి. పల్చటి గొట్టమైతే అంచు మీద నొక్కుకుపోతుంది. దానికి బదులు కాస్త దళసరిది హార్డ్‌వేర్ షాపులో మీటర్ల లెక్కన కొనుక్కోవచ్చు.

బకెట్టులోకి నీళ్లు బాగానే వస్తున్నా రాళ్ల మధ్య మడ్డి పైకి లేవడం లేదంటే, నోరు మరీ పెద్దదన్నమాట. అర అంగుళం గొట్టానికి రెండంగుళాల నోరు ఉంటే, నోటి దగ్గర నీటి వేగం గొట్టంలో వేగంలో పదహారో వంతే. అంగుళం నోరైతే నాలుగో వంతు. మాలాంటి చిన్న తొట్లకి అంగుళమే మంచిది. దుకాణంవాళ్లు పెద్దది అంటగడితే తీసుకోకండి.

గొట్టం నోటితో పీల్చకండి, ఆ నీళ్లలో చేపల రెట్ట ఉంటుంది. గొట్టాన్ని మొత్తం తొట్టిలో ముంచి, గాలంతా పోయాక కొసకు బొటనవేలు అడ్డంపెట్టి కిందికి దించి వదలండి. నీళ్లు లాగడానికి చేత్తో నొక్కే రబ్బరు బుగ్గ ఉన్న రకమైతే, దాని లోపలి మూతలో (వాల్వులో) ఇసుక చిక్కుకుందేమో విప్పి కడగండి.

పని మొదలుపెట్టే ముందు ఫిల్టరు, హీటరు ప్లగ్గులు తీసేయాలి. తీసేది పావు వంతు నీళ్లే. మా రెండడుగుల తొట్టికి ఒక్క బకెట్టు చాలు. ఆ బకెట్టు నిండుతుండగానే నోటిని రాళ్లలోంచి పైకెత్తేస్తాను.