పూల పరిమళంతో తీపి లోఫ్: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

ఈస్ట్ లేకుండా, బేకింగ్ పౌడర్‌తోనో వంటసోడాతోనో పొంగించే తీపి లోఫ్‌ను క్విక్ బ్రెడ్ అంటారు. అందులో గులాబీ రేకులో లావెండరో వేసినప్పుడు మామూలు లోఫ్‌లో కనిపించని తంటాలు కొన్ని వస్తాయి. ముక్క కోస్తే లోపల బూడిద రంగు, తింటే సబ్బు రుచి, లేదంటే అసలు వాసనే ఉండదు. అందరూ ముందు పువ్వునే తిడతారు. చాలాసార్లు తప్పు సోడాది. తర్వాతి అనుమానం నీటి మీద పెట్టుకోవాలి. పువ్వు వంతు ఆ తర్వాతే.

కింది కొలతలన్నీ ఈ లెక్క మీద చెప్పినవి. టిన్ను 8×4 అంగుళాలు. మైదా 190 గ్రాములు, పంచదార 150 గ్రాములు, గుడ్లు 2, పెరుగు 120 గ్రాములు, పాలు 60 మి.లీ., వాసన లేని నూనె 80 మి.లీ., బేకింగ్ పౌడర్ 1½ టీస్పూన్, వంటసోడా ¼ టీస్పూన్, ఉప్పు ¼ టీస్పూన్. పూల వంతు 2 టేబుల్ స్పూన్ల ఎండు గులాబీ రేకులు, లేదా 1½ టీస్పూన్ ఎండు లావెండర్ మొగ్గలు. ముందే వేడెక్కిన ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర 45 నుంచి 55 నిమిషాలు. ఫ్యాన్ తిరిగే కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే 155 లేదా 160 చాలు.

పిండి కలిపే ముందు

పూల మార్కెట్ గులాబీలు వద్దు. అవి అలంకరణకి పండించినవి, వాటి మీద కొట్టిన మందులు కడిగితే పూర్తిగా పోవు. పెరట్లో మందు కొట్టని నాటు గులాబీ గానీ, తినడానికని ప్యాకెట్ మీద రాసి ఉన్న ఎండు రేకులు గానీ వాడండి. పన్నీరు కొనేటప్పుడూ అంతే, ముఖానికి రాసుకునే సీసా వంటకి పనికిరాదు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషపు మొక్కలు. అలంకరణ కోసమైనా లోఫ్ మీద పెట్టకూడదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఆగ్నేయ రాష్ట్రాల్లో కంచెల మీద పసుపు పూలతో పాకే కరోలినా జెస్సమిన్ మన మల్లెకి చుట్టం కాదు, అదీ విషమే. విదేశీ వంటకాల్లో కనిపించే పాట్ మేరీగోల్డ్ అంటే కలెండ్యులా. మన బంతి వేరే మొక్క, దాని ఘాటు లోఫ్‌ను ముంచేస్తుంది.

లోపల బూడిద రంగు, నీలి మచ్చలు, ఆకుపచ్చ ఛాయ

గులాబీ, మందారం, శంఖపుష్పం, వీటన్నిటి రంగూ ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల వల్లే వస్తుంది. పులుపు తగిలితే ఇవి ఎర్రబడతాయి, పులుపు లేనిచోట ఊదాకి తిరుగుతాయి, క్షారం తగిలితే నీలం, ఆకుపచ్చల వైపు పోతాయి. వంటసోడా కరిగిన నీటి పీహెచ్ 8 పైనే ఉంటుంది. కాబట్టి పిండిలో సోడా మిగిలిపోయిన ప్రతిచోటా ఎర్ర రేకు చుట్టూ నీలిబూడిద వలయం ఏర్పడుతుంది. మచ్చలు అక్కడక్కడా ఉంటే సోడా ఉండలు కట్టిందని అర్థం. లోఫంతా ఒకే బూడిద రంగులో ఉంటే సోడా ఎక్కువైంది, లేదా పులుపు చాలలేదు.

ఈ రెండోది మన ఇళ్లలో మరీ ఎక్కువ. ¼ టీస్పూన్ సోడాకి 120 గ్రాముల పెరుగు సరిపోతుందన్న లెక్క పుల్లటి పెరుగుకి వేసింది. పొద్దున తోడుకున్న కమ్మటి పెరుగులో అంత పులుపు ఉండదు, సోడా మిగిలిపోతుంది. నిన్నటి పెరుగు వాడండి. లేదా కమ్మటి పెరుగులో 2 టీస్పూన్ల నిమ్మరసం కలపండి.

రంగు తప్పకుండా కావాలంటే సోడా పూర్తిగా మానేసి, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లకి పెంచండి. లోఫ్ కాస్త లేత రంగులో, కొంచెం పులుపుతో వస్తుంది, పైభాగం తక్కువ ఎర్రబడుతుంది. పూల లోఫ్‌కి ఇది నష్టం కాదు. సోడా వాడేటట్టయితే మైదాతో కలిపి రెండుసార్లు జల్లించాలి. స్పూనుతో నేరుగా గిన్నెలోకి వేయకూడదు.

శంఖపుష్పానిది ఇంకో గొడవ. దాని నీలం వేడికి బాగానే తట్టుకుంటుంది. కానీ పచ్చసొన పసుపు, నూనె పసుపు కలిసేసరికి ఆకుపచ్చ అవుతుంది. 2 గుడ్ల బదులు 3 తెల్లసొనలు వేస్తే కొంత మేలు. నిమ్మరసం వేస్తే నీలం ఊదా అవుతుంది, ఆ రంగే కావాలంటే సరే. అయినా నీలాన్ని పిండిలో వెతుక్కోవడం కన్నా పైపూతలో పెట్టడమే తెలివైన పని. 10 ఎండు పూలని 50 మి.లీ. మరిగిన నీళ్లలో 5 నిమిషాలు నానబెట్టి వడకట్టండి. చల్లారాక 100 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో 3 టీస్పూన్ల డికాషన్ వేసి కలపండి. గట్టిగా ఉంటే చుక్కలు చుక్కలుగా పెంచండి.

ఎరుపు కోసం షాపుల్లో హైబిస్కస్ టీ పేరుతో దొరికే ఎండు రేకులు కూడా ఇలాగే పైపూతకి బాగుంటాయి. అవి పెరటి మందారం రేకులు కావు, ఎర్ర గోంగూర జాతి మొక్క కాయని చుట్టి ఉండే కండగల రక్షకపత్రాలు. గోంగూర పులుపు వాటికీ ఉంటుంది. అందుకే పాలలో మరిగిస్తే పాలు విరుగుతాయి. నీళ్లలోనే డికాషన్ తీయండి. పెరటి మందారంలో పులుపు లేదు గానీ జిగురు ఉంది. రేకులు తాజాగా నూరి వేస్తే లోఫ్ లోపల బంకగా అవుతుంది. తొడిమ, పుప్పొడి కాడ తీసేసి, రేకులు నీడలో ఎండబెట్టి పొడి చేసి వేయండి.

సబ్బు తిన్నట్టుంది

రెండు రకాల సబ్బు రుచులున్నాయి. వాటిని విడదీస్తేనే మందు దొరుకుతుంది. ఒకటి నాలుకకి తెలుస్తుంది: జారుడుగా, కాస్త లోహపు రుచితో ఉంటుంది, ముక్క లోపల గోధుమ రంగు ముదురుగా కనిపిస్తుంది. ఇది సోడా. పైన చెప్పిన సవరణే దీనికీ. రెండోది ముక్కుకి తెలుస్తుంది: ముక్కు మూసుకుని నమిలితే బాగానే ఉంటుంది, ముక్కు వదలగానే బట్టల బీరువా తెరిచినట్టుంటుంది. ఇది పువ్వు.

లావెండర్‌లో ఇది ఎక్కువగా ఎదురవుతుంది. ఈ కొలత లోఫ్‌కి 1½ టీస్పూన్ దాటితే పరిమళం కాస్తా అత్తరవుతుంది. రకం కూడా చూడాలి. వంటకి తగినది లావాండులా అంగస్టిఫోలియా. లావాండిన్ అనే సంకరజాతిలో కర్పూరం వాసన ఎక్కువ, అది సబ్బులకీ గదుల్లో పెట్టే వాసన సంచులకీ వెళ్లే సరుకు. మొగ్గల్ని పిండిలో అలాగే వదిలేస్తే పంటికింద పడినచోట ఘాటు, మిగతాచోట ఏమీ ఉండదు. 60 మి.లీ. పాలు పొగలు వచ్చేదాకా వేడిచేసి దించి, మొగ్గలు వేసి మూతపెట్టి 10 నిమిషాలు ఉంచండి. వడకట్టి, తగ్గినన్ని పాలు మళ్లీ పోసి 60 మి.లీ. చేయండి. రాత్రంతా నానబెడితే చేదు దిగుతుంది.

గులాబీలో ఈ బాధ ఎసెన్స్ వల్ల వస్తుంది. ఎసెన్స్ అయితే 2 చుక్కలు, పన్నీరు అయితే 1 టేబుల్ స్పూన్. ఒకదాని బదులు ఇంకొకటి అదే కొలతలో వేయకండి. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ల టేబుల్ స్పూన్ 15 కాదు, 20 మి.లీ., అదీ చూసుకోండి.

ఇప్పటికే ఎక్కువైపోయిన లోఫ్‌ను పూర్తిగా రక్షించలేం. నిమ్మరసం, ఐసింగ్ షుగర్ కలిపిన పుల్లటి పూత ఘాటుని కొంత అణుస్తుంది.

వాసనే లేదు

కన్నౌజ్‌లో అత్తరు తీసేవాళ్లు గులాబీల్ని నీళ్లతో రాగిపాత్రలో ఉడికించి, ఆవిరితో పాటు లేచే సువాసనని పట్టుకుంటారు. ఓవెన్లో జరిగేదీ అదే, కాకపోతే ఆ ఆవిరిని పట్టుకునేవాళ్లు ఉండరు. వంటిల్లంతా ఘుమఘుమలాడుతోందంటే లోఫ్‌లోంచి అంత పోయిందన్నమాట! పిండిలో ఇంకాస్త పన్నీరు పోసినా పెద్దగా లాభం లేదు.

సువాసన పదార్థాలు ఎక్కువ భాగం నూనెలో కరిగేవి. అందుకే ముందు వాటిని కొవ్వులోకి, పంచదారలోకి ఎక్కించాలి. ఎండు రేకుల్ని కొలతలోని పంచదారతో కలిపి మిక్సీలో పల్స్ ఇచ్చి, గాలి చొరని డబ్బాలో ఒక రోజు ఉంచండి. లేదా 80 మి.లీ. నూనెని గోరువెచ్చగా చేసి రేకులు వేసి గంటసేపు ఉంచి వడకట్టండి. ఆ తర్వాత అసలు పని కాల్చాకే. 50 గ్రాముల పంచదార, 50 మి.లీ. నీళ్లు కరిగేదాకా మరిగించి చల్లార్చి, 1 టేబుల్ స్పూన్ పన్నీరు కలపండి. లోఫ్ వేడిగా ఉండగానే పుల్లతో గుచ్చి బ్రష్‌తో పూయండి. పన్నీరు పాకం మరుగుతుండగా పోస్తే మళ్లీ కథ మొదటికే.

మల్లెని పిండిలో వేయడం దండగ. సాయంత్రం కోసిన మొగ్గల్ని పల్చటి బట్టలో మూటకట్టి ఐసింగ్ షుగర్ డబ్బాలో పైన పెట్టి మూయండి. రాత్రి విచ్చుకుంటూ అవి వదిలే వాసనని పంచదార పీల్చుకుంటుంది. తెల్లారి మూట తీసేసి, ఆ ఐసింగ్ షుగర్‌తో పైపూత చేసుకోండి. వేసవిలో లావెండర్ కోసం వెతుక్కునే అవసరం ఉండదు.

అడుగున తడి ముద్ద, జిగట పొర

తాజా రేకుల్లో ఎక్కువ భాగం నీరే. తరిగి వేస్తే కాలుతున్నప్పుడు ఆ నీరు పిండిలోకి దిగుతుంది. ఎండు రేకుల కొలతకి మూడింతల తాజా రేకులు తీసుకుని, కడిగాక బట్టమీద పూర్తిగా ఆరబెట్టి, 1 టేబుల్ స్పూన్ మైదా పట్టించి చివర్లో కలపండి. పాలు 1 టేబుల్ స్పూన్ తగ్గించండి. గుల్కండ్ వేస్తే తీపి, తడి రెండూ పెరుగుతాయి, పైగా బరువుకి అడుక్కి దిగుతుంది. 3 టేబుల్ స్పూన్లకి పంచదార 40 గ్రాములు తగ్గించి, సగం పిండి టిన్నులో పోశాక గుల్కండ్‌ని మధ్యలో వరుసగా పెట్టి మిగతా పిండి పోయండి.

పూలతో సంబంధం లేని కారణం ఒకటుంది: ఉడకలేదు. పుల్లకి రేకు తడి అంటుకుంటే ఉడికినా ఉడకనట్టు కనిపిస్తుంది, గుల్కండ్ ఉంటే మరీను. థర్మామీటర్ మధ్యలో గుచ్చితే 96 నుంచి 98 డిగ్రీలు చూపించాలి. పైన ముందే ఎర్రబడుతుంటే 35వ నిమిషం దగ్గర ఫాయిల్ వదులుగా కప్పండి. ఓటీజీ నాబ్ మీది అంకెని నమ్మకండి. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి.

మధ్యలో గుంట

ఓవెన్లోనే కుంగితే పొంగించేది ఎక్కువైంది, లేదా సగం కాలకముందే తలుపు తీశారు. బయటికి తీశాక కుంగితే ఉడకలేదు. బ్రిటన్‌లో సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ వాడేవాళ్లు అందులో బేకింగ్ పౌడర్ ముందే ఉందని మరిచిపోతారు. దాంతో చేస్తే విడిగా వేయనక్కర్లేదు. డెన్వర్‌లా 1,600 మీటర్ల ఎత్తున్న ఊళ్లో బేకింగ్ పౌడర్ ¼ టీస్పూన్ తగ్గించి, పాలు 2 టేబుల్ స్పూన్లు పెంచండి.

అసలు పొంగకపోతే బేకింగ్ పౌడర్ పాతది. ½ టీస్పూన్ వేడినీళ్లలో వేస్తే వెంటనే బుసబుసమని పొంగాలి. విశాఖ, విజయవాడ ఉక్కలో మూత సరిగా పెట్టని డబ్బా త్వరగా పాడవుతుంది.

పైన పొడవునా పగిలితే సవరించాల్సిందేమీ లేదు, లోఫ్ అంటే అలాగే ఉంటుంది.

రబ్బరులా సాగుతోంది, లోపల సొరంగాలు

ఎక్కువ కలిపారు. పూలు సమంగా పట్టాలని గరిటె తిప్పుతూనే ఉంటే మైదాలో సాగుడునిచ్చే గ్లూటెన్ బిగుస్తుంది. రేకుల పొడిని మైదాలో ముందే కలిపేయండి. తడి, పొడి కలిశాక 10, 12 తిప్పులు చాలు, చిన్న ఉండలున్నా వదిలేయండి.

చేదు, నల్లబడ్డ రేకులు

గులాబీ రేకు అడుగున తెల్లటి మొన ఉంటుంది, అది చేదు. తాజా రేకులైతే కత్తెరతో తీసేయండి. పైన అందానికి చల్లిన రేకులు ఓవెన్ పైరాడ్ కింద మాడి నల్లబడతాయి, వాటి చేదు కింది పొరకీ దిగుతుంది. లోఫ్ చల్లారి, పూత పోశాక, అది ఆరేలోపు చల్లండి.

రెండో రోజుకే బూజు

పాకం పట్టించిన, తాజా రేకులు వేసిన లోఫ్ మన వాతావరణంలో బయట ఒక రోజే నిలుస్తుంది. బూజు ముందు రేకుల దగ్గరే మొదలవుతుంది, గిల్లి పారేసి మిగతాది తినకూడదు. వేడిగా ఉండగా డబ్బాలో పెట్టి మూస్తే లోపల చెమ్మ పట్టి ఇంకా త్వరగా పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. ముక్కలు కోసి, బటర్ పేపర్ మధ్య పెట్టి డీప్ ఫ్రీజర్‌లో దాచండి, కావలసినప్పుడు తీసి పెనం మీద సన్నసెగన వేడిచేసుకోవచ్చు. అలా దాచే ముక్కలకి పైపూత, అలంకరణ రేకులు ముందే వేయకండి.