భద్రతా మండలి తీర్మానం చదవడం ఎలా? 4వ పాఠం: క్రియ దగ్గర ఆగండి

పోయినసారి అడిగిన ప్రశ్న చిన్నదే. సొంత ప్రజలపై అణచివేత ఆపమని ఇరాక్‌ను డిమాండ్ చేసిన 1991 ఏప్రిల్ 5 నాటి 688వ తీర్మానం ఆ దేశంపై బలప్రయోగానికి అనుమతి ఇచ్చిందా? జవాబు పంపినవాళ్లలో ఎక్కువమంది "ఇచ్చింది" అని రాశారు. అందుకే ఈ వారం మొదలుపెట్టాల్సిన కొసోవో పాఠాన్ని పక్కన పెట్టాను. ఇది తేలకుండా అక్కడికి వెళ్తే ఇంకా చిక్కుపడతారు.

ఎందుకలా రాశారో నాకు అర్థమైంది. ఇరాక్ ప్రభుత్వ అణచివేతకు లక్షలాది కుర్దులు ఇళ్లు వదిలి టర్కీ, ఇరాన్ సరిహద్దు కొండల్లో చలికి అల్లాడారు. తర్వాత అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ ఉత్తర ఇరాక్‌లో నో ఫ్లై జోన్ (ఇరాక్ విమానాలు ఎగరకూడని ప్రాంతం) పెట్టాయి. దాని కాపలాకు ఆ మూడు దేశాల విమానాలు ఎగిరాయంటే అనుమతి ఉండే ఉంటుందనుకున్నారు. జరిగినది చూసి కాగితాన్ని ఊహించకండి.

పీఠికకూ (నేపథ్యం చెప్పే మొదటి భాగం) అమలు పేరాలకూ (మండలి ఏం చేస్తోందో చెప్పే భాగం) తేడా మీకు తెలిసిందే. నేను పీఠికను చివరికి వదిలేసి, అమలు పేరాల్లోని క్రియల కింద ఎర్ర పెన్నుతో గీస్తాను. 688లో గీత పడేవి ఇవి: ఖండిస్తోంది, డిమాండ్ చేస్తోంది, పట్టుబడుతోంది, సెక్రటరీ జనరల్‌ను కోరుతోంది, సభ్యదేశాలకు విజ్ఞప్తి చేస్తోంది. "అధికారం ఇస్తోంది" అన్నది లేదు. బలప్రయోగానికి దారి ఇచ్చే ఐరాస చార్టర్ 7వ అధ్యాయం పేరూ లేదు. పీఠికలోనైతే, దేశాల అంతర్గత వ్యవహారాల్లో జోక్యం వద్దనే చార్టర్ ఆర్టికల్ 2(7)ను గుర్తుచేసింది. అయినా క్యూబా, యెమెన్, జింబాబ్వే వ్యతిరేకించాయి. భారత్, చైనా ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి.

"డిమాండ్ చేశాక అమలు చేయించొద్దా?" అని చాలామంది రాశారు. అసలు ఉచ్చు ఇదే. ఇల్లు ఖాళీ చేయమని కోర్టు డిక్రీ ఇచ్చిందనుకోండి. ఆ కాగితం పట్టుకుని పక్కింటివాళ్లు వచ్చి సామాన్లు బయట పడేయడానికి లేదు. అమలు పిటిషన్ వేయాలి, కోర్టు వారంటు ఇవ్వాలి, అమీనా (వారంటు అమలు చేసే కోర్టు ఉద్యోగి) రావాలి. డిక్రీ ఎంత న్యాయమైనదైనా వారంటు వేరే కాగితమే. మండలిలో ఆ వారంటు ఎలా ఉంటుందో సోమాలియాపై 1992 డిసెంబర్ 3న వచ్చిన 794లో చూడండి. 7వ అధ్యాయం కింద, సహాయం చేరడానికి సురక్షిత వాతావరణం కోసం "అవసరమైన అన్ని మార్గాలనూ" వాడే అధికారం ఇచ్చింది.

అలాగని 688ని ఉత్త కాగితం అనకండి. సొంత ప్రజలను అణచివేస్తే దాని పర్యవసానాలు ఆ ప్రాంత శాంతి భద్రతలకే ముప్పని మండలి అందులో చెప్పింది. "ఇది మా ఇంటి గొడవ" అనే వాదన అక్కడ బలహీనపడింది. నాకు ఈ తీర్మానంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే.

అభ్యాసం: లిబియాపై 2011 మార్చి 17 నాటి 1973వ తీర్మానం, 4వ పేరా. ఎవరికి, దేనికోసం, ఏది మినహాయించి అధికారం ఇచ్చారో రాయండి. లిబియా పాలకుడు గద్దాఫీని దించడం అందులో ఉందా? రెండు జవాబులు కావాలి: ఒకటి ఓటేయకుండా ఆగిన భారత్ తరఫున, ఒకటి లిబియా నగరం బెంఘాజీలో పిల్లలతో ఉన్న తల్లి తరఫున. రెండింటికీ తీర్మానంలోని మాటలే ఆధారం కావాలి. 688 తప్పినవాళ్లు దాన్ని కూడా మళ్లీ రాసి పంపండి.